అబ్జర్వేషన్ బుక్కు ఏం చేశాం?

మన ల్యాబుల్లో ఒక ఆచారం ఉంది. ప్రయోగం చేసేటప్పుడు రీడింగులు అబ్జర్వేషన్ బుక్కులో రాస్తాం. అందులో కొట్టివేతలుంటాయి, టీ మరకలుంటాయి, పక్క బ్యాచ్ వాళ్లనడిగి రాసుకున్న అంకెలుంటాయి. తర్వాత హాస్టల్‌కి వచ్చి రికార్డులో ముత్యాల్లాంటి అక్షరాలతో ఫెయిర్ చేస్తాం. మార్కులు రికార్డుకే. సెమిస్టర్ అయిపోగానే అబ్జర్వేషన్ బుక్కు బజ్జీల బండి దగ్గర తేలుతుంది. రికార్డు తిరగేసిన వాళ్లెవరికైనా ఆ ప్రయోగం మొదటిసారే కుదిరిందనిపిస్తుంది.

నేను రాయబోయేది యానిమేషన్ సినిమాల గురించి. అయినా ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం ఉంది. సినిమా రికార్డు లాంటిది. దాని వెనక అబ్జర్వేషన్ బుక్కు ఒకటుంటుంది. దాన్ని దాచుకున్న వాళ్లు రెండో సినిమా బాగా తీస్తారని, పారేసుకున్న వాళ్లు మా ముగ్గురిలా తయారవుతారని నా అభిప్రాయం.

ముందు మా సంగతి చెప్పేస్తాను.

నాది తెనాలి. నాతో పాటు ఇంకో ఇద్దరు. ఒకడిది బాపట్ల, ఇంకొకడిది రేపల్లె. క్లాసులో మమ్మల్ని ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. పోయినేడాది ఫెస్టు కోసం బ్లెండర్‌లో ఒక యానిమేషన్ కథ చేశాం. మూడు భాగాలు, భాగానికి నాలుగు నిమిషాలు. పేరు 'ఉప్పు గుర్రం'. తెల్లటి గుర్రం, రెండు రెక్కలు, సముద్రంలోంచి లేచే రాక్షసుడు, ఆఖర్లో పెద్ద యుద్ధం. ఆడిటోరియంలో ఈలలు బాగానే పడ్డాయి. రెండో బహుమతి వచ్చింది.

బహుమతి ఇచ్చే ముందు జడ్జిగారు మైకులో ఒక ప్రశ్న అడిగారు. "బాగుందయ్యా. కానీ గుర్రం ఉప్పుతోనే ఎందుకు ఉండాలి? రాయితో ఉంటే ఏం పోయేది?"

నేను డైరెక్టర్ని. స్టేజి మీద నా నోట మాట రాలేదు. బాపట్ల వాడు నా వైపు చూశాడు. రేపల్లె వాడు నేల చూశాడు. బొమ్మలన్నీ వాడివే. ఆ రోజు తర్వాత వాడు పెన్సిల్ పట్టుకోవడం మానేశాడు. అడిగితే "మూడ్ లేదురా" అనేవాడు. ఆ మూడ్ ఎందుకు పోయిందో నాకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు మా మొదటి వెర్షన్‌లో ఉంది. దాన్ని తీసేసింది నేనే.

మొదటి కథ రేపల్లె వాళ్ల నాయనమ్మ నుంచి వచ్చింది. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనని ఆవిడ కళ్లారా చూసింది. మన వైపు పెద్దవాళ్లు దాన్ని తుఫాను అనరు, ఉప్పెన అనే అంటారు. నీళ్లు తీసిన తర్వాత చేలల్లో మిగిలిన ఉప్పు గురించి ఆవిడ మనవడికి చెబుతూ ఉండేదట. పోయినవాళ్లు ఎలాగూ పోయారు, ఉన్నవాళ్లకి చేను పండకపోతే ఎట్లా, వానలు పడి ఆ ఉప్పు కడుక్కుపోవాలని ఎదురుచూశాం అనేదట. దాంట్లోంచి వాడు ఒక బొమ్మ వేశాడు. కెరటంతో పాటు ఊళ్లోకి వచ్చి, తిరిగి సముద్రంలోకి వెళ్లలేక చేలల్లో నిలబడిపోయిన ముసలి ఉప్పు గుర్రం. దాని వల్ల ఏ గింజా మొలవదు. ఆ సంగతి దానికీ తెలుసు. వాన వస్తే అది కరిగిపోతుంది, కరిగితేనే చేను బతుకుతుంది. కథలోని చిన్నపిల్లకి ఆ గుర్రమంటే ప్రాణం. వాన రావాలని కోరుకోవాలా, వద్దనుకోవాలా? మొత్తం కథ ఇదే.

చూశారుగా, గుర్రం ఉప్పుతోనే ఎందుకుండాలో!

మరి ఇది రెక్కల గుర్రం ఎలా అయింది? ఒక్క రోజులో కాలేదు. ముందు నేను "ముసలి గుర్రం వద్దురా, హీరోలా ఉండాలి" అన్నాను. గుర్రం కుర్రది అయింది. తర్వాత బాపట్ల వాడు "కరగడం సిమ్యులేషన్ మన లాప్‌టాప్ మొయ్యదు" అన్నాడు. కరగడం పోయింది. కరగడం పోయాక వాన అవసరం లేదు. వాన లేకపోతే క్లైమాక్స్ లేదు. క్లైమాక్స్ కోసం రాక్షసుడిని తెచ్చాం. రాక్షసుడు ఎత్తుగా ఉన్నాడని గుర్రానికి రెక్కలు పెట్టాం. ఏ మెట్టుకా మెట్టు న్యాయంగానే కనిపించింది. కిందికి దిగాక చూస్తే బయల్దేరిన ఇల్లు కనిపించలేదు. ఫెస్టుకి రెండు రోజుల ముందు తెల్లవారుజామున మూడింటికి, రెండర్ మధ్యలో డిస్క్ నిండిపోయింది. 'పాతవి' అనే ఫోల్డర్ పదకొండు జీబీ ఉంది. షిఫ్ట్, డిలీట్ కొట్టాను. మొదటి గుర్రం, పిల్ల, చేలు, నాయనమ్మ మాటల రికార్డింగు, అన్నీ ఒక్క నొక్కుతో పోయాయి.

తప్పు ఆలోచనని మార్చడంలో లేదు. అది ముందే చెప్పాలి. ఎందుకంటే ఇలాంటి వ్యాసాల్లో "మొదటి ఆలోచనే గొప్పది, దాన్ని చంపేశారు" అని ఏడవడం ఫ్యాషన్. నేనలా అనడం లేదు.

'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' సంగతి తీసుకోండి. మనలో చాలామంది మూడు భాగాలూ చూసే ఉంటారు. 2010, 2014, 2019ల్లో వచ్చాయి. దానికి మూలం క్రెసిడా కోవెల్ 2003లో రాసిన పిల్లల పుస్తకం. పుస్తకంలో టూత్‌లెస్ చిన్న డ్రాగన్, మాట వినని పెంపుడు కుక్కపిల్ల లాంటిది. సినిమా మొదటి రూపం కూడా పుస్తకాన్నే అంటిపెట్టుకుని నడిచింది. సగం దారిలో క్రిస్ శాండర్స్, డీన్ డెబ్లాయ్ అనే ఇద్దరు దర్శకులు వచ్చారు. అంతకుముందు 'లీలో అండ్ స్టిచ్' తీసింది వీళ్లే. టూత్‌లెస్‌ని మనిషి ఎక్కి ఎగరగలిగేంత పెద్ద నల్ల డ్రాగన్‌గా మార్చారు. తోకరెక్క పోయిన డ్రాగన్, చివర్లో కాలు పోయిన కుర్రాడు, ఒకరికొకరు ఆసరా. చిన్న టూత్‌లెస్ ఉండి ఉంటే ఈ సినిమా ఉండేది కాదు. ఆ ఆలోచనని వదిలెయ్యడమే మంచిదైంది.

రెండో భాగంలో హికప్ తల్లి వల్కా వస్తుంది. మొదట ఆవిడని విరోధి పాత్రగా అనుకున్నారని డెబ్లాయ్ తర్వాత చెప్పాడు. డ్రాగన్లని కాపాడటం కోసం మనుషుల మీదికే వచ్చే తల్లి. ఆ ఆలోచన మారింది, ఆవిడ కొడుకు పక్షానికి వచ్చింది. కానీ సినిమా మళ్లీ చూడండి. భర్తనీ పసిబిడ్డనీ వదిలి ఇరవై ఏళ్లు డ్రాగన్ల మధ్య ఉండిపోయిన మనిషిలో ఒక మొండితనం, మనుషుల మీద నమ్మకం లేకపోవడం కనిపిస్తాయి. పాత విరోధి తాలూకు నీడ కొత్త తల్లి మీద ఇంకా ఉందనిపిస్తుంది నాకు. వదిలేసిన ఆలోచన పూర్తిగా పోదు, పునాదిలోకి దిగుతుంది.

'ఫ్రోజెన్'లో ఇది ఇంకా తేటగా ఉంటుంది. ఎల్సా మొదట దుష్టపాత్ర. రాబర్ట్ లోపెజ్, క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్ దంపతులు ఆమె కోసం 'లెట్ ఇట్ గో' పాట కట్టారు. పాట విన్నాక ఈమె చెడ్డది కాదు, భయపడిన పిల్ల అని సినిమా వాళ్లకే అర్థమైంది. ఒక పాట కోసం కథంతా తిరగరాశారు.

'ష్రెక్'కి అయితే మొదట గొంతు ఇచ్చింది క్రిస్ ఫార్లీ. సంభాషణల్లో చాలా భాగం రికార్డు చేశాక 1997లో చనిపోయాడు. తర్వాత వచ్చిన మైక్ మైయర్స్ తన భాగం చెప్పడం దాదాపు పూర్తిచేసి, మనసు మార్చుకుని, మొత్తం మళ్లీ స్కాటిష్ యాసలో చెప్పాడు. 2001లో మనం విన్న రాక్షసుడి వెనక ఇంకో ఇద్దరు రాక్షసులున్నారు.

ఇవన్నీ నాకెలా తెలిశాయి? అదీ అసలు విషయం. వాళ్లు దాచుకున్నారు. ప్రతి పెద్ద యానిమేషన్ సినిమాకీ తొలి బొమ్మలతో ఒక పుస్తకం వేస్తారు. తీసేసిన సీన్లని పెన్సిల్ గీతల్లోనే చూపిస్తారు. దర్శకులు కూచుని "ఇది ఎందుకు వదిలేశామంటే" అని మాట్లాడతారు. సముద్రానికి ఆవలి ఒడ్డున టూత్‌లెస్ ఎన్ని రూపాలు మార్చాడో తెనాలిలో కూచున్న నాకు తెలుసు. తెనాలి చుట్టుపక్కల పుట్టిన కల్పనల చిత్తుకాగితాల గురించి మాత్రం అంత వివరంగా తెలియదు.

మనకు కల్పన లేదా? మన మూడు ఊళ్ల చుట్టూ ఉన్న కల్పన ఇంకెక్కడుంది చెప్పండి! చందమామ 1947 జూలైలో మొదలైంది. నాగిరెడ్డితో కలిసి దాన్ని పెట్టిన చక్రపాణి తెనాలి మనిషి. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా ఆ పత్రికని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలోనే పుట్టాడు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకర దేవత', 'రాకాసి లోయ', 'శిథిలాలయం', 'మాయా సరోవరం', ఇలా పన్నెండు సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా మన గుంటూరు సీమవాడే. చిత్రా వేసిన బొమ్మలతో ఆ సీరియల్స్ నెలనెలా వచ్చేవి. మాంత్రికులు, రాక్షసులు, నీటి అడుగున కోటలు. మా తాతగారి తరానికి అదే యానిమేషన్ సిరీస్. బొమ్మ కదిలేది కాదు, నెల రోజులు పిల్లల బుర్రలో కదిలేది.

చక్రపాణి, నాగిరెడ్డిల విజయా సంస్థే 1957లో 'మాయాబజార్' తీసింది. దాని కళాదర్శకుల్లో ఒకరు మాధవపెద్ది గోఖలే. 'వివాహ భోజనంబు' పాడిన గొంతు మాధవపెద్ది సత్యంది. ఇద్దరిదీ పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు. బాపట్ల నుంచి గుంటూరు బస్సెక్కి అటు వైపే పోతూ ఉంటాం, కిటికీలోంచి చూడం. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లే సీను ఏ కంప్యూటరూ లేని రోజుల్లో కెమెరా కిటుకులతో చేసింది. ద్వారకానగరాన్ని మూడొందల చిన్న చిన్న ఇళ్లతో నమూనా కట్టి, దీపాలు పెట్టి చిత్రీకరించారు. ఈ రోజు మనం కాన్సెప్ట్ ఆర్ట్, మినియేచర్ అని ఏవేవో కోర్సుల్లో నేర్చుకుంటున్నది అప్పటికే మన పక్క ఊరి మనిషి పెన్సిల్‌తో చేశాడు.

ఆ సినిమాకీ వదిలేసిన దారులున్నాయి. ఖర్చు ఎక్కువవుతుందని నిర్మాతలు మొదట్లో ఒకసారి ఆపేశారని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నారు. మిగతా పని ఘంటసాల భుజానికెత్తుకున్నారు. అంతకుముందు ఇంకో సినిమాలో కృష్ణుడిగా కాసేపు కనిపిస్తే జనం మెచ్చలేదని ఎన్టీఆర్ ఈ పాత్రకి వెనకాడారు. ఆ వెనకాడటమే గెలిచి ఉంటే మన ఇళ్లల్లో కృష్ణుడి క్యాలెండర్లు వేరేలా ఉండేవి. ఇవన్నీ నోటి మాటగా బతికాయి. ఆ కథలు చెప్పడానికి మనుషులున్నారు కాబట్టి తెలిశాయి. కాగితాలు మాట్లాడింది తక్కువ.

ఇక్కడ నాకు బాగా నచ్చే ముడి ఒకటుంది. 'మాయాబజార్'కి కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. అర్ధ శతాబ్దం తర్వాత, 2008లో, ఆయనే 'ఘటోత్కచ్' అని యానిమేషన్ సినిమా తీశారు. పాతికేళ్ల వయసులో దగ్గరుండి చూసిన ఘటోత్కచుడిని ముసలితనంలో బొమ్మగా కదిలించారన్నమాట. దీన్నే నేను దాచుకోవడం అంటాను. ఆయన దాచుకున్నది తన తలలో. అందరి తలలూ అంత గట్టివి కావు. నా తల అసలే కాదు.

మన కాలానికి వస్తే, తెలుగు నుంచి పుట్టిన యానిమేటెడ్ ఫాంటసీ అంటే 'బాహుబలి' లోకమే గుర్తొస్తుంది. 2017లో అమెజాన్‌లో 'ది లాస్ట్ లెజెండ్స్', 2024లో హాట్‌స్టార్‌లో 'క్రౌన్ ఆఫ్ బ్లడ్' వచ్చాయి. దీనికీ వదిలేసిన దారి ఉంది. శివగామి చిన్నతనం మీద ఆనంద్ నీలకంఠన్ రాసిన నవల ఆధారంగా 2018లో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించిన సిరీస్, చిత్రీకరణ జరిగి కూడా, మన ముందుకి రాలేదు. ఇంకోపక్క, వదిలేసినట్టున్నది తిరిగి ఎలా పనికొచ్చిందో చూడండి. కాలకేయులు మాట్లాడే కిలికి భాష మదన్ కార్కిది. ఆస్ట్రేలియాలో చదువుకునేటప్పుడు పిల్లల కోసం సరదాగా కట్టిన చిన్న భాష దానికి బీజం. ఏళ్ల తర్వాత 'బాహుబలి' అవకాశం వచ్చినప్పుడు ఆ ఆటభాషే సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలున్న కిలికిగా ఎదిగింది. చిన్నపిల్లలతో ఆడుకున్న ఆటని ఎవరు దాచుకుంటారు? ఆయన దాచుకున్నాడు. ఆ దాపుడే కాలకేయుల నోట్లో మాటైంది.

ఇదంతా బాపట్ల వాడికి చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు. వాడి మాట కూడా రాయాలి, న్యాయం కాబట్టి.

"ఒరేయ్, అవి కోట్లు పెట్టి తీసే సినిమాలు. చెత్త కూడా అమ్ముడుపోద్ది. మన చెత్త ఎవడిక్కావాలి? పైగా ఫెయిలైనవన్నీ పక్కన పెట్టుకుని కూచుంటే ముందుకి పోయేదెప్పుడు?"

మాట సగం నిజం. ప్రతి చిత్తునీ పూజించడం జబ్బే. తీసేసిన సీను ఉందని తెలియగానే "అదే అసలైనది" అని గొడవ చేసే అభిమానులు నాకూ నచ్చరు. చాలాసార్లు ఆ సీను బాగోలేకే తీసేస్తారు. కానీ వాడి ఊరే వాడికి జవాబు చెబుతుంది.

మనం హాస్టల్లో తినే సన్నబియ్యాన్ని బీపీటీ అంటాం. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబమసూరి. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి, ఈ మూడింటి సంకరం. వరి వంగడం చేయడమంటే వేల మొక్కలు పెంచి దాదాపు అన్నిటినీ కాదనడం. ఒకటి పడిపోతుంది, ఒకదానికి తెగులు, ఒకటి వండితే ముద్దవుతుంది. కానీ కాదన్న దాన్ని కూడా శాస్త్రవేత్త పద్దు రాస్తాడు. ఏ తల్లి, ఏ తండ్రి, ఏ మడి, ఎందుకు వద్దన్నాం. పేరులోనే అంకె ఉంది. అంకె ఉందంటే ఎక్కడో పుస్తకం ఉంది. రోజూ రెండు పూటలా అన్నం తింటూ ఆ పుస్తకం అక్కర్లేదంటే ఎలా?

మా ఊరిది ఇంకో పద్ధతి. తెనాలి శిల్పశాలల ముందు నుంచి వెళితే సగం తయారైన నాయకులు, దేవుళ్లు రోడ్డు మీద నిలబడి ఉంటారు. విగ్రహానికి ముందు మట్టితో నమూనా చేస్తారు. దాని మీద అచ్చు తీస్తారు. అచ్చులో పోత పోస్తారు. పని అయ్యాక మట్టి బొమ్మని పగలగొట్టి, తడిపి, ఆ మట్టితోనే తర్వాతి బొమ్మ మొదలుపెడతారు. చిన్నప్పుడు అది చూసి బాధపడేవాణ్ని. ఇప్పుడు అనిపిస్తుంది, మట్టి పోయినా అచ్చు ఉంది కదా అని. అంటే మా ఊరి శిల్పి కూడా అన్నీ పారెయ్యడు. ఏది పగలగొట్టాలో, ఏది గోడకి ఆనించి ఉంచాలో వాడికి తెలుసు. నాకు తెలియలేదు. నేను మట్టినీ అచ్చునీ కలిపి షిఫ్ట్ డిలీట్ కొట్టాను.

కాబట్టి నేను అడిగేది అన్నీ దాచమని కాదు. వదిలేసేటప్పుడు ఎందుకు వదిలేశామో ఒక్క వాక్యం రాయమని. కోడ్ రాసేవాళ్లకి ఇది కొత్త కాదు. గిట్‌లో మార్పు చేసిన ప్రతిసారీ ఒక మాట రాస్తాం. సిగ్గులేకుండా "మార్పులు" అని ఒక్క ముక్క రాసి వదిలేసేవాళ్లం కూడా ఉన్నాం, అది వేరే విషయం. మా 'ఉప్పు గుర్రం'కి ఆ ఒక్క వాక్యాలు రాసి ఉంటే ఎలా ఉండేవి? "ముసలి గుర్రాన్ని తీసేశాం, ఎందుకంటే డైరెక్టర్‌కి హీరో కావాలి." "కరగడం తీసేశాం, ఎందుకంటే లాప్‌టాప్ మొయ్యదు." రెండో వాక్యం రాసేటప్పటికైనా నా చెయ్యి ఆగేది. కరగడం లేకపోతే ఇక ఉప్పు దేనికి అన్న ప్రశ్న జడ్జిగారి కంటే ముందు నాకే వచ్చేది.

ఇంకో లాభం కూడా ఉంది. అదే నాకు ముఖ్యం. మనలో చాలామంది రాయడం, గీయడం ఎందుకు మానేస్తారో ఆలోచించండి. ఎప్పుడూ పూర్తయినవే చూస్తాం కాబట్టి. చందమామ బొమ్మ చూస్తాం, 'మాయాబజార్' చూస్తాం, మన గీత చూసుకుంటాం, నోట్సు మూసేస్తాం. టూత్‌లెస్ కూడా మొదట్లో కుదరలేదని తెలిసిన రోజు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. జూనియర్లకి మనం ఇవ్వగలిగింది షీల్డులు కాదు, కొట్టివేతలు.

ఇక ఆఖరి సంగతి.

సంక్రాంతి సెలవుల్లో బాపట్ల వాడు తెనాలి వచ్చాడు. ఇద్దరం రేపల్లె రైలెక్కాం. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన, ఆ తర్వాత పట్టాలు అయిపోతాయి. రైలు ఇంక ముందుకి పోదు, దిగాల్సిందే. నేను క్షమాపణ చెప్పాలనుకున్నాను కానీ స్నేహితులకి క్షమాపణ ఎలా చెబుతారో నాకు తెలియదు. వాడింటికి వెళ్లి అరిసెలు తిన్నాను.

వాళ్లమ్మగారు వంటింట్లో అల్మరా సర్దుతున్నారు. పండగ కదా, అరల్లో పాత కాగితాలు తీసి కొత్తవి పరుస్తున్నారు. పప్పుల డబ్బా ఎత్తగానే కింద ఒక ఏ4 కాగితం కనిపించింది. పసుపు మరక, నూనె చుక్కలు. మధ్యలో తల వంచుకుని నిలబడ్డ గుర్రం.

"ఆంటీ, ఇది..." అన్నాను.

"వీడు పారేస్తుంటే నేనే తీసుకున్నా బాబూ. కాగితం దళసరిగా ఉంది, అరలకి బావుంటదని."

మొత్తం నాలుగు దొరికాయి. ఒకదాని వెనక వాడి చేతిరాతలో నాయనమ్మ చెప్పిన మాటలు కొన్ని ఉన్నాయి. ఆవిడ మంచం మీద కూచుని కళ్లజోడు పెట్టుకుని గుర్రాన్ని చాలాసేపు చూసింది. బాగుందని అంటుందేమో అనుకున్నాం.

"తల ఇంకా వంచాలిరా," అంది. "తప్పు చేసినోడు ఇంత ఎత్తున పెట్టడు తల."

రేపల్లె వాడు లేచి లోపలికెళ్లి పెన్సిల్ తెచ్చుకున్నాడు. నేను కూడా తల ఎత్తలేదు, అయితే అది ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు మేం ముగ్గురం 'ఉప్పు గుర్రం' మళ్లీ మొదలుపెట్టాం. రెక్కలు లేవు. రాక్షసుడు లేడు. కరగడం ఎలా చెయ్యాలో బాపట్ల వాడు ఇంకా కుస్తీ పడుతున్నాడు. పొడి ఇసుక ఫిజిక్స్ తీసుకుని తడి ఉప్పులా ఎలా చూపించాలని రాత్రిళ్లు మేలుకుంటున్నాడు. ఈసారి 'పాతవి' ఫోల్డర్ రెండు చోట్ల ఉంది. అందులో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు కూడా ఉంది. రెక్కల గుర్రాన్ని కూడా పారెయ్యలేదు. దాని పక్కన రాసుకున్నాం: "ఇది వద్దనుకున్నాం, ఎందుకంటే దీనికి ఎగరడం వచ్చు, పశ్చాత్తాపం రాదు."

మన క్లబ్బుకి నాదొక విన్నపం. వచ్చే సంచిక నుంచి ప్రతి కథతో, ప్రతి కవితతో పాటు ఒక చిత్తు పేజీ కూడా అడుగుదాం. కొట్టేసిన పేజీ, కింద ఒక్క వాక్యం, ఎందుకు కొట్టేశారో. ముందుగా నాదే పంపుతున్నాను. ఈ వ్యాసానికి మొదటి శీర్షిక 'మనకెందుకు డ్రాగన్లు లేవు'. వదిలేశాను, ఎందుకంటే మనకున్నాయి. అల్మరా అరల కింద ఉన్నాయి.